బకాయి వయసు

కొత్త గేమింగ్ కంప్యూటర్ కొనుక్కోవాలా, విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కట్టుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టిన రోజు నుంచి చిందం మొగిలికి వయసు పెరగడం ఆగిపోయింది. హన్మకొండలో ఇది పెద్ద వింతేమీ కాదు. వయసుల శాఖలో కొత్తగా చేరిన నరహరి అనే పరిశీలకుడు బండి మీద వచ్చి, మొగిలి కణతల దగ్గర వెంట్రుకలు చూసి, కళ్ల కింద చర్మం వేలితో లాగి వదిలి, స్తంభన మొదలైనట్టు రాసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

నియమం పాతదే. మనిషి మనసారా కోరుకున్న దాని విషయంలో ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతే, ఆ నిలబడినంత కాలం అతని వయసులో కలవదు. తేల్చుకున్న రోజున మాత్రం బకాయి మొత్తం వచ్చి పడుతుంది. మొగిలి ఉండే వీధిలోనే, బోరు తూర్పున వేయించాలా ఈశాన్యంలో వేయించాలా అని ఆలోచిస్తున్న ఒకాయన ఉన్నాడు. ఆయన మనవడు ఆయనకంటే పెద్దవాడిలా కనిపిస్తాడు. డిగ్రీ కాలేజీలో ఒక లెక్చరర్, తనకు వచ్చిన రెండు సంబంధాల్లో ఏది ఖాయం చేసుకోవాలో తెలియక, ఇంకా నూనూగు మీసంతోనే పాఠం చెబుతున్నాడు. ఆ సంబంధాల తాలూకు అమ్మాయిలిద్దరూ అమ్మమ్మలయ్యారు. ఎదురుపడితే ఆయన్ను బాగున్నావా బాబూ అని పలకరిస్తారు.

మొగిలి రిజిస్ట్రేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. అప్పటికి అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. పొద్దంతా అతని బల్ల ముందు జనం ఇళ్లు కొంటూ, పొలాలు అమ్ముతూ, అన్నదమ్ముల మధ్య గోడలు పంచుకుంటూ వేలిముద్రలు వేసేవారు. ఇంత పెద్ద సంగతులు వీళ్లు ఇంత సులువుగా ఎలా తేల్చుకుంటారా అని అతను ఆశ్చర్యపోయేవాడు. తనైతే చొక్కా కొనడానికి వెళ్లినా రెండు రంగుల మధ్య నిలబడి, చివరికి ఏదీ కొనకుండా తిరిగొచ్చే మనిషి.

అతని కూతురు సంహిత ఐదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు కూలర్ ముందు కూర్చుని ఫోన్ చూస్తుండగా ఒక ఆట తాలూకు చిన్న వీడియో వచ్చింది. ఇద్దరు కలిసి ఆడే ఆట అది. పొగమంచు కమ్మిన సముద్రం, దాని మీద చిన్న పడవ. వెనక కూర్చున్నవాళ్లు తెడ్డు వేయాలి. ముందు కూర్చున్నవాళ్లు లాంతరు పట్టుకుని దారి చెప్పాలి. తుపాకులు లేవు, శత్రువులు లేరు. నీళ్ల అడుగున మునిగిపోయిన ఊళ్లున్నాయి. అలలకు ఎక్కడో గంటలు మోగుతున్నాయి. చాలా దూరాన అవతలి ఒడ్డు ఉందని చెప్పారు గాని చూపించలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ అప్పటిదాకా సముద్రం చూసి ఎరుగరు.

"ఇది మనింట్ల నడుస్తదా బాపు?" అని అడిగింది సంహిత.

ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద నడవదని, దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ కావాలని, అది తను తెస్తానని మొగిలి చెప్పాడు. తను తెడ్డు వేస్తాడు, ఆమె లాంతరు పట్టుకోవాలి. ఆ సాయంత్రమే కిటికీ పక్కన బల్ల ఖాళీ చేసి, తడి గుడ్డతో తుడిచి, రెండు కుర్చీలు వేశాడు. ఆ పూటకు అతని కోరికలో ఏ సందేహమూ లేదు. సందేహం మర్నాడు మొదలైంది.

చౌరస్తాలో కైలాసం అనే ఆయనకు కంప్యూటర్ల దుకాణం ఉండేది. కంపెనీవాళ్లు బిగించి పంపిన గేమింగ్ కంప్యూటర్ ఒకటి అద్దాల వెనక రంగురంగుల లైట్లతో వెలుగుతోంది. డబ్బా తెరిచి ప్లగ్గు పెడితే చాలునని, ఏ ఇబ్బంది వచ్చినా తను చూసుకుంటానని కైలాసం చెప్పాడు. మొగిలి దాదాపు ఊ అన్నాడు. ఒక్కసారి ఆలోచించుకుని వస్తానని బయటికి వచ్చినవాడు, అక్కడే పాన్ డబ్బా దగ్గర తన ఆఫీసులో పనిచేసే యాకూబ్‌ను కలిశాడు. యాకూబ్ తన కంప్యూటర్ తనే కట్టుకున్నాడు. కంపెనీవాళ్లు కంటికి కనిపించే చోట మంచి సామాను పెట్టి, కనిపించని చోట నాసిది పెడతారని, మంచి కార్డు వేసి బలం లేని పవర్ సప్లై తగిలిస్తారని చెప్పాడు.

"కొన్నది ఇంట్ల ఉంటదన్నా. కట్టుకున్నది నీదైతది" అన్నాడు యాకూబ్.

మొగిలికి రెండూ నిజమే అనిపించాయి. కొంటే నిశ్చింత. కట్టుకుంటే తృప్తి. ఆ రెంటి మధ్య, పాన్ డబ్బా ముందు, ఎండలో, అతని వయసు ఆగిపోయింది. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు తేడా ఏమీ తెలియలేదు.

తరువాత అతను చదవడం మొదలుపెట్టాడు. ఏ ప్రాసెసర్‌కు ఏ మదర్‌బోర్డు నప్పుతుందో, ఏ కార్డుకు ఎంత పవర్ సప్లై కావాలో, ఏ క్యాబినెట్‌లో గాలి ఎటు నుంచి ఎటు పోతుందో నేర్చుకున్నాడు. జాతకాలు కలిపే పంతులు కూడా అంత నిష్ఠగా కలపడు. అన్నీ కలిసిన రోజున, రెండు నెలల్లో కొత్త కార్డు వస్తోందని వార్త వచ్చేది. ఆగితే కొత్తది దొరుకుతుంది. కొత్తది వచ్చాక పాతది చవక అవుతుంది. చవకైన పాతది మేలా, కొత్తది మేలా అనుకునేలోపు ఆ కొత్తది కూడా పాతదయ్యేది. అప్పుడు కంపెనీవాళ్లు బిగించినదే నయమేమో అనిపించి మళ్లీ కైలాసం దగ్గరకు వెళ్లేవాడు. కైలాసం ప్రతిసారీ కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. తొందరేమీ లేదు సార్, మంచిగ ఆలోచించుకోండి అనేవాడు.

ఏడాదికోసారి నరహరి వచ్చి కోరిక బతికే ఉందో లేదో తనిఖీ చేసేవాడు. కోరిక చచ్చిపోయాక కూడా తేల్చుకోలేదన్న వంకతో వయసు ఎగ్గొట్టేవాళ్లు ఊళ్లో కొందరున్నారు. అందుకని శాఖవాళ్లు ఈ పద్ధతి పెట్టారు. నరహరి మొగిలి మణికట్టు పట్టుకుని, ఆ ఏడాది వచ్చిన గ్రాఫిక్స్ కార్డుల పేర్లు ఒక్కొక్కటే నెమ్మదిగా చదివేవాడు. పేరు పేరుకూ నాడి వేగం పెరిగేది. నరహరి తల ఊపి, ఇంకో ఏడాదికి పొడిగించి, స్వరూప ఇచ్చిన చాయ్ తాగి వెళ్లేవాడు.

స్వరూప మొగిలి భార్య. అతనికంటే నాలుగేళ్లు చిన్న. మొదట్లో ఆమెకు ఇదంతా నవ్వులాటగానే ఉండేది. వయసు పెరగని మొగుడు దొరకడం అదృష్టమని పక్కింటివాళ్లు అంటే, తనూ నవ్వి ఊరుకునేది. ఒక ఏడాది, నరహరి చాయ్ తాగుతుండగా, తన పేరు కూడా రాసుకోమని అడిగింది. మీరు దేని గురించి తేల్చుకోలేకుండా ఉన్నారని అతను మర్యాదగా అడిగాడు. ఆమె ఆలోచించి, రేపు పొద్దున ఏం కూర వండాలన్న దాని గురించి అంది. అది ఎలాగూ పొద్దున్నే తేలిపోతుంది కాబట్టి నియమం కిందికి రాదని నరహరి వివరించాడు. తమ దగ్గర ఆడవాళ్ల పేర్లు చాలా తక్కువని, తేల్చుకోకుండా ఉండాలంటే కొంచెం తీరిక కావాలని, ఆ తీరిక ఉన్నట్టు చూపించలేక చాలామంది దరఖాస్తు దగ్గరే ఆగిపోతారని చెప్పాడు. స్వరూప ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

సంహిత మొదట్లో ప్రతి సాయంత్రం అడిగేది. మొగిలి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ కారణం చేత ఇవాళ ఆగాల్సి వచ్చిందో వివరించేవాడు. ఆమె శ్రద్ధగా వినేది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆదివారాల్లో మాత్రమే అడిగేది. పదో తరగతిలో అడగడం మానేసింది గాని, కిటికీ పక్క రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని చదువుకునేది. ఇంటర్ అయ్యాక హైదరాబాదులో ఇంజనీరింగ్ సీటు వచ్చి హాస్టల్‌కు వెళ్లింది. సెలవులకు వచ్చినప్పుడు మొగిలి ఆత్రంగా కొత్త కార్డు సంగతులు చెబితే, అవునా బాపు అని వినేది. ఆ వినడంలో ఏదో మారిందని అతనికి అనిపించింది. అది చదువు తాలూకు అలసట అనుకున్నాడు.

ఏళ్లు అలా గడిచాయి. సంహిత నీటిపారుదల శాఖలో ఇంజనీరయింది, పెళ్లయి కాజీపేటలో కాపురం పెట్టింది. స్వరూప జుట్టు తెల్లబడింది. ఆఫీసులో యాకూబ్ రిటైరయ్యాడు. యాకూబ్ తరువాత చేరినవాళ్లూ కొందరు రిటైరయ్యారు. మొగిలికి విరమణ వయసు రాలేదు కాబట్టి అతను అదే కుర్చీలో ఉన్నాడు. వయసు ఆగినవాళ్లకు ప్రమోషన్ కూడా ఆగుతుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పెళ్లిళ్లలో మొగిలీ స్వరూపా పక్కపక్కన కూర్చుంటే, మొదట తమ్ముడా అని అడిగేవారు. తరువాత తరువాత కొడుకా అని అడిగేవారు.

సంహితకు ముప్పై ఎనిమిదేళ్లు నిండినప్పుడు, తండ్రీకూతుళ్లు సమవయస్కులైనట్టు శాఖ నుంచి కబురు వచ్చింది. ఇకమీదట ఇంటి పెద్దరికం కూతురిదని, తండ్రి అన్న వరస మాత్రం మారదని, నమస్కారాలు ఎవరు ఎవరికి పెట్టాలన్నది వాళ్ల ఇష్టమని నరహరి వచ్చి చెప్పాడు. ఆ రోజు సంహిత సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని ఎదురెదురుగా చాయ్ తాగారు. ఆమె చెవి పైన ఒక తెల్ల వెంట్రుక ఉంది. అది అతనికి లేదు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే ముక్కు, అదే నుదురు.

"నాకిప్పుడు సమజైతాంది బాపు. ఈ వయసుల మనిషి ఇంటికి వచ్చేసరికి ఎంత అలసిపోతడో. నేనేమో రోజూ కంప్యూటర్ కంప్యూటరని నీ పాణం దీస్తుంటి" అంది సంహిత.

మొగిలి తనకేం అలసట లేదన్నాడు. నువ్వు అడిగినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉండేదన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఏదో కాలువ గేటు దగ్గర పని ఆగిపోయిందట. ఆమె లేచి, అప్పుడే మాట్లాడుతూ, అప్పుడే తేల్చి చెబుతూ చెప్పులు వేసుకుంది. అంత చటుక్కున ఎలా తేల్చుకుంటుందో అని అతను గర్వంగా చూశాడు. ఆమె వెళ్లాక చాలాసేపు ఆమె కూర్చున్న కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

మరి కొన్నేళ్లకు స్వరూపకు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఒకదాని తరువాత ఒకటి ఆపరేషన్ చేశారు. రెండో కట్టు విప్పిన రోజున మొగిలి మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. చాలాకాలంగా ఆమెకు అంతా మసకమసకగానే కనిపిస్తోంది. ఆ మసకలో అతను ఎలా ఉన్నాడో ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు గోడ మీది పగులూ, నర్సు చేతి గాజులూ, తన చేతి ముడతలూ అన్నీ ఒక్కసారిగా స్పష్టంగా కనిపించాయి. పక్కన నల్లని జుట్టుతో, బిగువైన చర్మంతో మొగిలి కనిపించాడు. కొడుకా అమ్మా అని నర్సు అడిగింది. స్వరూప అవునంది. విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆమె నల్లద్దాలు పెట్టుకుని రోడ్డు వైపే చూసింది. బస్టాండు దాటాక, ముఖం తిప్పకుండానే మాట్లాడింది.

"నాకు కొడుకు వద్దయ్యా. నా తోటి ముసలోడు కావాలె. మోకాళ్లు నొస్తున్నయంటే నాకూ నొస్తున్నయనేటోడు కావాలె. మన పెండ్లినాడు నేను అడిగింది గదొక్కటే, ఇద్దరం ఒక్కతీరుగ ముసలైదామని. నువ్వు సరేనన్నవు."

కంప్యూటర్ సంగతి దాదాపు తేలే దశకు వచ్చిందని, ఈ దసరాకు కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయని మొగిలి మెల్లగా అన్నాడు.

"ఏదన్న ఒకటి తెచ్చుకో. ఏది తెచ్చుకున్నా నీ కండ్లకు చత్వారం వస్తది. నాకు గదే చాలు" అంది స్వరూప.

ఆ నెలలోనే నరహరి తనిఖీకి వచ్చాడు. నరహరికి కూడా ఇప్పుడు బట్టతల, నడుం నొప్పి. రిటైర్మెంట్ దగ్గరపడింది. ఎప్పటిలాగే మొగిలి మణికట్టు పట్టుకుని కార్డుల పేర్లు చదివాడు. నాడి కదలలేదు. రెండోసారి చదివాడు. ప్రాసెసర్ల పేర్లు చదివాడు. ఫ్యాన్ల పేర్లు కూడా చదివాడు. మామూలుగానే కొట్టుకుంటోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఏం చేయాలో తోచక, మాట మార్చడానికన్నట్టు, సంహితమ్మ ఈ ఆదివారం వస్తుందా సార్ అని అడిగాడు. అతని వేళ్ల కింద నాడి ఎగిరింది.

నరహరి చెయ్యి వదిలేశాడు. నియమం అతనికి కంఠస్థం. తిరిగి రానిదాని మీద కోరిక, తేల్చుకోవలసిన కోరికల కిందికి రాదు. దానికి స్తంభన వర్తించదు. వర్తిస్తే ఊళ్లో ఒక్కరికీ వయసు పెరగదని, ఆ నియమం రాసినవాళ్లు మొదటి పేజీలోనే స్పష్టం చేశారు.

ఇవాళ తన చేతి వేళ్లు సరిగ్గా పనిచేయడం లేదని, వచ్చే వారం మళ్లీ వచ్చి చూస్తానని నరహరి అన్నాడు. మొగిలికి అర్థమైంది. శాఖవాళ్లు రద్దు చేస్తే బకాయి వయసు పడుతుంది, చేతికి మాత్రం ఏమీ రాదు. తనంతట తాను తేల్చుకుంటే వయసూ పడుతుంది, కంప్యూటరూ మిగులుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నరహరి ఇంకొక మాట కూడా చెప్పాడు. అది పరిశీలకులు చెప్పవలసిన మాట కాదు. ఇన్నేళ్లు చాయ్ తాగిన మనిషిగా చెప్పాడు.

"కొంటే డబ్బా టేపు కోసినప్పుడే మొత్తం పడుతది సార్, ఒక్కపెట్టున. కట్టుకుంటే స్క్రూకు ఇంత చొప్పున పడుతది. పాణానికి కొంచెం సుఖం."

ఆ సాయంత్రం మొగిలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా బల్ల, పక్కన రెండో కుర్చీ. పదేళ్ల పిల్ల కాళ్లు నేలకు అందక ఊపుతూ కూర్చునే కుర్చీ అది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడా లేదని అతనికి అంతకుముందు కూడా తెలుసు. తెలిసిన సంగతిని ఇన్నేళ్లూ ఏ కంపెనీ కార్డు మంచిదన్న ప్రశ్న వెనక దాచిపెట్టుకున్నాడు. కొన్నా, కట్టుకున్నా ఆ పిల్ల రాదు. అలాంటప్పుడు ఎవరు వస్తారు అని ఆలోచించాడు. ఆలోచించి, సంహితకు ఫోన్ చేశాడు.

"కట్టుకుందాం బిడ్డా" అన్నాడు. "కొంటే డబ్బా తెరిచేదాకనే. కడితే ఒక పూట పడుతది. ఆ పూటంత నువ్వు నా పక్కన కూసుంటవు."

ఆమె, ఆదివారం పొద్దున్నే వస్తానంది.

కైలాసం కాలం చేసి చాలా ఏళ్లయింది. దుకాణం ఆయన అల్లుడు చూసుకుంటున్నాడు. విడిభాగాలు అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరని, హైదరాబాదు నుంచి తెప్పించాలని చెప్పాడు. మొగిలి ఏది ఉంటే అదే తెప్పించమన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక ముందు గదిలో దుప్పటి పరిచి, డబ్బాలన్నీ చుట్టూ పెట్టుకుని తండ్రీకూతుళ్లు కూర్చున్నారు. స్వరూప మంచం మీద గోడకు చేరగిలి చూస్తోంది. సంహిత మదర్‌బోర్డు పట్టుకుంటే మొగిలి మొదటి స్క్రూ బిగించాడు. అతని కణత దగ్గర ఒక వెంట్రుక తెల్లబడింది. సంహిత చూసింది గాని చూడనట్టు రెండో స్క్రూ అందించింది. ప్రాసెసర్ దాని గుంటలో కూర్చునేసరికి మీసం నెరిసింది. దాని మీద వేడిని లాగే పేస్టు శనగగింజంత పెడుతున్నప్పుడు చేతి మీద నరాలు తేలాయి. ర్యామ్ టక్కుమని బిగుసుకున్నప్పుడు మోకాలు కూడా టక్కుమంది. అతను కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

స్క్రూ తలలు కనిపించడం మానేశాక, స్వరూప ఇక తనకు అక్కర్లేని పాత కళ్లద్దాలు గూట్లోంచి తీసి ఇచ్చింది. అవి అతనికి సరిగ్గా సరిపోయాయి. చాయ్ వేళకు మొగిలికి ఉద్యోగ విరమణ వయసు దాటింది. ఆదివారం కావడం వల్ల ఆఫీసువాళ్లు పూలదండ మర్నాడు పంపించారు.

ఏ తీగ ఎక్కడికి పోతుందో ముప్పై ఏళ్లకు పైగా అతనికి నోటికి వచ్చు. ఇప్పుడు ఒక చిన్న తీగ చేతిలో పట్టుకుని, దాని పేరేమిటో గుర్తురాక ఆగిపోయాడు. దబాయించకుండా, తొందరపెట్టకుండా సంహిత ఎదురుచూసింది. గుర్తురాలేదు. అప్పుడు ఆమె, మెల్లగా అతని వేళ్లలోంచి ఆ తీగ తీసుకుని, డబ్బాలో వచ్చిన కాగితం చూసి దాని చోట పెట్టింది. గ్రాఫిక్స్ కార్డు బరువుకు అతని చేతులు వణికాయి. అందుకని దాన్ని ఆమే ఎత్తింది. అతను కింద చెయ్యి ఆనించాడు. అది కూర్చున్న చప్పుడు ఇద్దరూ విన్నారు.

స్వరూప మంచం దిగి వచ్చి, కొంగుతో అతని ముఖం తుడిచింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడు మనిషి లెక్క కనబడుతానవు" అంది. ఆమె కళ్లు నిండాయి. నేలమీద నుంచి లేవడానికి అతనికి చెయ్యి అందించింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, నడుములు నొప్పి పుట్టి, ఆగి ఆగి లేచారు. ఆమె చాలా సంతోషంగా ఉంది.

పొద్దు వాలకముందే కంప్యూటర్ వెలిగింది. ఫ్యాన్లు తిరిగాయి. మొగిలికి మిగిలిన బకాయి కూడా అప్పుడే పడింది. కుర్చీలో కూర్చున్నాక ఒక్క నిమిషం ఊపిరి సర్దుకున్నాడు. ఆ ఆట ఇంకా దొరుకుతోంది. పాత ఆటల్లో ఎక్కడో అడుగున ఉంది. సంహిత వెతికి పెట్టింది. తెరంతా బూడిదరంగు నీళ్లు పరుచుకున్నాయి. పొగమంచు, చిన్న పడవ. మొగిలి తెడ్డు తీసుకున్నాడు. సంహిత లాంతరు పట్టుకుంది.

అతని వేళ్లు నెమ్మదిగా కదిలాయి. పడవ మొదట గుండ్రంగా తిరిగింది. తరువాత ముందుకు సాగింది. నీళ్ల అడుగున ఇళ్ల కప్పులు కనిపించాయి, ఒక బడి కనిపించింది, బడి ముందు జెండా కర్ర కనిపించింది. ఎక్కడో గంట మోగింది. అతను కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. ఆ మధ్యాహ్నం ఫోన్లో చూసినదానికంటే చాలా పెద్దగా ఉంది సముద్రం.

సంహిత దారి చెబుతోంది. కొంచెం కుడికి బాపు అంది. మెల్లగ అంది. ముంగట రాయి ఉంటది, ఎడమకు తీసుకో అంది. అతను ఎడమకు తీసుకున్నాడు. అప్పుడు పొగమంచులోంచి, లాంతరు వెలుగు పడని చోటు నుంచి, ఆ రాయి బయటపడి పడవ పక్కగా వెళ్లిపోయింది.

మొగిలి తెడ్డు ఆపాడు. సంహిత కూడా ఆగింది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్‌లో స్నేహితురాలి కంప్యూటర్ మీద, ఆమె ఈ సముద్రం దాటింది. దాటి అవతలి ఒడ్డున కూడా తిరిగింది. ఆ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చెబుదామనుకుంది. తండ్రి కొత్త కార్డు గురించి ఆత్రంగా చెబుతుంటే చెప్పలేక ఊరుకుంది. ఆ తరువాత చెప్పే వీలు మళ్లీ కలగలేదు.

ఎప్పుడని అతను అడగలేదు. ఎవరితోనని అడగలేదు. కాసేపు నీళ్ల వైపు చూసి, మళ్లీ తెడ్డు వేయడం మొదలుపెట్టాడు.

"ఇంకెంత దూరముంది బిడ్డా?" అన్నాడు.

ఒడ్డు ఆ పొగమంచు వెనకే ఉంది. కుడివైపు అప్పటికే మంచు పలచబడుతోంది. ఇంకో నాలుగు తెడ్డు వేట్లకు చెట్లు కనిపిస్తాయని సంహితకు తెలుసు.

"చానా ఉంది బాపు. ఇటు పోదాం" అని, ఆమె లాంతరు ఎడమకు తిప్పింది.

మొగిలి అటే తెడ్డు వేశాడు.